పటంలో ఎరుపంతా ఆసుపత్రి చుట్టూనే: లెప్టోస్పిరోసిస్ ముప్పును మనుషుల్లో, పశువుల్లో కలిపి చూపడం ఎలా?

మట్టివాసన · సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. పశువైద్యంలో పనిచేస్తున్నాను. పటాలు గీయడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. మా జిల్లాలో మూడేళ్లుగా నమోదైన లెప్టోస్పిరోసిస్ (జంతువుల మూత్రం కలిసిన నీళ్ల నుంచి సోకే జ్వరం) కేసులన్నీ నా చేతికి వచ్చాయి. మనుషులవి రెండు వందల పైచిలుకు. ప్రయోగశాలలో పాజిటివ్ వచ్చిన పశువులవి, కుక్కలవి కలిపి వందకు కాస్త తక్కువ. రెండూ ఒకే పటం మీద పెట్టి, ముప్పు ఎక్కడ ఎక్కువో చూపించమని పై అధికారులు అడిగారు. సమావేశానికి ఇంకా పదకొండు రోజులుంది.

క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో చుక్కలన్నీ పెట్టి, అవి దట్టంగా ఉన్న చోటు ఎర్రబడే హీట్‌మ్యాప్ వేశాను. పట్నం మీద పెద్ద ఎర్ర మచ్చ, దాని చుట్టూ పసుపు, మిగతా జిల్లా అంతా ఆకుపచ్చ. చూడటానికి చక్కగానే ఉంది కానీ నాకు మనసొప్పడం లేదు. వర్షాకాలంలో నేను తిరిగే పల్లపు గ్రామాలు, మోకాలి లోతు నీళ్లలో మనుషులూ పశువులూ కలిసి నడిచే చోట్లు, అన్నీ ఆకుపచ్చలో పడ్డాయి.

నా సందేహాలు రెండు. హీట్‌మ్యాప్‌కు వ్యాసార్థం ఎంత పెట్టాలి? మనుషుల పొర మీద పశువుల పొర వేసి, రెండూ ఎర్రగా కలిసిన చోటే అసలు ముప్పు ఉందని చెప్పవచ్చా?

హారం_ముందు · సోమవారం, ఉదయం 9:40

వ్యాసార్థం సంగతి తర్వాత చూద్దాం. ఆ ఎర్ర మచ్చ నడిమధ్యన ఏముందో ముందు చెప్పండి. ఆసుపత్రి, ప్రయోగశాల అక్కడే ఉన్నాయా?

మట్టివాసన · సోమవారం, ఉదయం 9:47

రెండూ అక్కడే ఉన్నాయి. ఒకే వీధిలో.

హారం_ముందు · సోమవారం, ఉదయం 10:31

అయితే మీ మనసు చెప్పింది నిజమే. మీరు గీసింది జబ్బు ఎక్కడ కనబడిందో చెప్పే పటం. జబ్బు కనబడాలంటే మనుషులు ఉండాలి, వాళ్లు ఆసుపత్రికి రావాలి, డాక్టరుకు అనుమానం రావాలి, పరీక్ష జరగాలి. ఈ నాలుగూ పట్నంలోనే ఎక్కువగా జరుగుతాయి. కాబట్టి ఏ జబ్బు కేసులు పెట్టినా మీ పటం అక్కడే ఎర్రబడుతుంది. కావాలంటే కాలు విరిగిన వాళ్ల చిరునామాలతో ఇదే హీట్‌మ్యాప్ వేసి చూడండి. అదే మచ్చ వస్తుంది.

ముప్పు అనే మాటకు హారం కావాలి, అంటే ఎంతమందిలో అన్న లెక్క. లక్ష మంది ఉన్న పట్నంలో 50 కేసులు వచ్చాయనుకోండి, వెయ్యికి సగం కేసు. రెండు వేల మంది ఉన్న ఊళ్లో 6 కేసులు వస్తే వెయ్యికి 3. పట్నం కంటే ఆరు రెట్లు. మీ హీట్‌మ్యాప్‌లో ఆ ఊరు ఆకుపచ్చగానే ఉంటుంది.

అలాగని రేటు లెక్కగట్టి రంగులేస్తే సరిపోతుందనుకోకండి, అక్కడ ఇంకో గుంట ఉంది. నూట యాభై మంది ఉన్న చిన్న పల్లెలో ఒక్క కేసు వస్తే వెయ్యికి దాదాపు 7 అవుతుంది. జిల్లాలో అన్నిటికంటే ముదురు ఎరుపు ఆ పల్లెకే పడుతుంది. మరుసటి ఏడు కేసేమీ రాకపోతే సున్నా. రేట్ల పటాల్లో అతి ఎక్కువ, అతి తక్కువ విలువలు రెండూ తరచూ చిన్న ఊళ్లకే వస్తాయి. అది జబ్బు గుణం కాదు, చిన్న సంఖ్యల గుణం. అందుకే రేట్లను నునుపు చేస్తారు. జనాభా తక్కువ ఉన్న ఊరి రేటును చుట్టుపక్కల సగటు వైపు ఎక్కువగా లాగుతారు. పెద్ద ఊరి రేటును దాదాపుగా కదపరు. దీన్ని ఎంపిరికల్ బేయస్ అంటారు, జియోడా అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు మూడు నొక్కులతో అయిపోతుంది. ఇంకా లోతుకు వెళ్లాలంటే బెసాగ్, యార్క్, మోలియే 1991లో ఇచ్చిన నమూనా ఉంది. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో చేయవచ్చు.

పశువుల విషయంలో హారం ఇంకా జాగ్రత్తగా పెట్టాలి. జిల్లాలో ఎన్ని పశువులున్నాయో అది మీ హారం కాదు. ఎన్నింటికి రక్తపరీక్ష చేశారో అది హారం. నెగటివ్ వచ్చిన వాటి లెక్క మీ దగ్గర ఉందా?

నదిపాయ · సోమవారం, మధ్యాహ్నం 12:05

క్షేత్రస్థాయిలో వ్యాధుల దర్యాప్తు చేసే మనిషిగా ఒక మాట చేరుస్తాను. హారం కంటే ముందు లవాన్ని, అంటే కేసులను చూడండి. మీ చుక్క ఎక్కడ పడింది? రోగి ఇంటి మీదా, పొలం మీదా, ఆసుపత్రి మీదా?

ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా లెప్టోస్పిరా ఎలుకలు, పశువులు, పందులు, కుక్కల మూత్రంలో బయటకు వస్తుంది. తడి నేలలో, నిలవ నీళ్లలో వారాల తరబడి బతుకుతుంది. కాలి మీద గీత పడినా చాలు, లోపలికి చేరుతుంది. జ్వరం మొదలవడానికి సాధారణంగా 5 నుంచి 14 రోజులు పడుతుంది, ఒక్కోసారి 2 రోజులకే రావచ్చు, 30 రోజుల దాకా ఆగనూ వచ్చు. ఆ మధ్యలో మనిషి ఎక్కడెక్కడ తిరిగాడు? పనికి పక్క ఊరు వెళ్లాడా? చిరునామా మీద వేసిన చుక్క, అతను ఎక్కడ పడుకుంటాడో మాత్రమే చెబుతుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఒకే అక్షాంశ రేఖాంశాలు ఎన్ని కేసులకు ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకే బిందువు మీద పదికి మించి కేసులు కనబడితే అవి ఇళ్లు కావు. చిరునామా దొరకనప్పుడు కంప్యూటర్ పట్నం నడిబొడ్డున పెట్టిన చుక్కలు.

రాత్రి_డ్యూటీ · సోమవారం, రాత్రి 11:50

నేను వార్డులో పనిచేసే డాక్టరును. పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటాను కానీ కేసుల సంఖ్య చూపే పటాన్ని తప్పు పటం అనకండి. డాక్సీసైక్లిన్ మందు ఎక్కడ ఎంత నిల్వ ఉంచాలి, డయాలిసిస్ యంత్రాలు ఎన్ని సిద్ధం చేయాలి అనేవి రేటు చూసి నిర్ణయించలేం. వెయ్యికి 3 ఉన్న చిన్న ఊరి నుంచి నాకు ఆరుగురు వస్తారు, వెయ్యికి సగం ఉన్న పట్నం నుంచి యాభై మంది వస్తారు. ఏటా ప్రపంచంలో 10 లక్షల మందికి పైగా ఈ జబ్బు బారిన పడతారని, దాదాపు 59,000 మంది చనిపోతారని 2015లో వెలువడిన అంచనా. చనిపోయే వాళ్లలో చాలామంది మా దగ్గరకు ఆలస్యంగా వచ్చినవాళ్లే. తొలి రోజుల్లో ఇది డెంగీలాగే కనబడుతుంది.

హారం_ముందు · మంగళవారం, ఉదయం 7:15

డాక్టర్ గారూ, మీ మాట న్యాయమైనదే. నేను సంఖ్యల పటం వద్దనడం లేదు. దాని నెత్తిన ‘ముప్పు’ అని రాయవద్దంటున్నాను. ‘చికిత్స భారం’ అని రాస్తే అది సరైన పటమే, మందుల వాళ్లకు అదే ఇవ్వాలి. మట్టివాసన గారిని అడిగింది మాత్రం ముప్పు గురించి. ఎవరికి దేనికోసం అన్నది తేల్చుకోకుండా ఒకే పటంతో అందరికీ జవాబు చెప్పబోతే, ఎలుకల నివారణకు పంపాల్సిన మనుషులను ఆసుపత్రి వీధికి పంపినట్టవుతుంది.

పాత_పటాలు · మంగళవారం, ఉదయం 10:22

ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ లండన్ డాక్టరు జాన్ స్నో పేరు వస్తుంది. ఈసారి నేనే తెస్తాను, అయితే ఆ కథను చాలామంది చెప్పినట్టు చెప్పను.

1854లో లండన్ సోహో ప్రాంతంలో కలరా వచ్చింది. స్నో పటం మీద మరణాలు గుర్తించి, బ్రాడ్ వీధి పంపు దగ్గర గుంపు చూసి, పంపు పిడి తీయించాడని చెప్పుకుంటారు. పిడి తీసింది సెప్టెంబరు 8న. అప్పటికే మరణాలు తగ్గుముఖం పట్టాయి. పటం అచ్చయింది ఆ తర్వాతే. స్నోకు నమ్మకం కలిగించినవి గుంపు కంటే ఎక్కువగా ఆ గుంపుకు లొంగని మినహాయింపులు. పంపుకు కూతవేటు దూరంలో బీరు తయారుచేసే కార్ఖానా ఉంది. అక్కడి పనివాళ్లలో కలరాతో చనిపోయిన వాళ్లు లేరు, ఎందుకంటే వాళ్లు ఆ పంపు నీళ్లు తాగేవాళ్లు కాదు. ఐదు వందల మందికి పైగా ఉన్న నిరుపేదల ఆశ్రమంలో ఐదుగురే చనిపోయారు, అక్కడ సొంత బావి ఉంది. ఇక మైళ్ల దూరంలోని హాంప్‌స్టెడ్‌లో ఒక ముసలావిడ చనిపోయింది. ఆవిడ అంతకుముందు ఈ పంపు నీళ్లు తాగి, రుచి నచ్చి, రోజూ బండిలో తెప్పించుకునేది. పటం మీద ఆవిడ చుక్క ఎక్కడో విసిరేసినట్టుంటుంది. ఆ ఒక్క చుక్క వెంటబడినందుకే కథ తేలింది.

అదే కాలంలో విలియం ఫార్ అనే గొప్ప గణాంక శాస్త్రవేత్త 1848-49 కలరా లెక్కలు తీశాడు. థేమ్స్ నది మట్టం నుంచి నేల ఎత్తు పెరిగేకొద్దీ మరణాల రేటు చక్కగా తగ్గుతూ వచ్చింది. సరైన హారం, సరైన రేట్లు, పటానికి అతికినట్టు సరిపోయే సూత్రం. దాన్ని బట్టి పల్లంలోని చెడుగాలి వల్లే కలరా వస్తుందన్నాడు. నిజానికి పల్లంలో ఉన్నవాళ్లు మురుగు కలిసిన నది నీళ్లు తాగుతున్నారు. ఎత్తుకూ జబ్బుకూ మధ్య ఉన్న నీటి గొట్టం అతని పటంలో లేదు. ఫార్‌ను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. 1866 నాటికి తన లెక్కలతోనే నీటిని నిందితుడిగా నిలబెట్టినవాడు ఆయన. కానీ లెప్టో పటంలో మీరు ‘పల్లం’ అనే పొర పెడతారు కదా, అప్పుడు ఆయన్ను గుర్తు చేసుకోండి.

గిట్టల_జాడ · మంగళవారం, సాయంత్రం 6:48

మట్టివాసన గారి రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. నేనూ పశువైద్యుడినే కాబట్టి అది తీసుకుంటాను.

రెండు పొరలు ఒకదాని మీద ఒకటి వేయడం అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేదీ అక్కడే. లెప్టోస్పిరా అంటే ఒక్క సూక్ష్మజీవి కాదు, సీరోవార్‌లు అనే దాని రకాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. హార్డ్‌జో ఎక్కువగా పశువులను అంటిపెట్టుకుని ఉంటుంది, కానికోలా కుక్కలను, ఇక్టెరోహెమరేజియే ఎలుకలను. మీ పశువుల్లో తేలింది హార్డ్‌జో గుంపు, ఆసుపత్రిలో తేలింది ఇక్టెరోహెమరేజియే గుంపు అనుకోండి. పటంలో రెండు ఎరుపులూ ఒకేచోట కలిసినా అవి రెండు వేర్వేరు కథలు. ఆ ఊళ్లో పశువులకు టీకాలు వేసి మనుషుల జబ్బు తగ్గలేదని తలపట్టుకుంటాం, ఎలుకలు మాత్రం మామూలుగా తిరుగుతుంటాయి. యాంటీబాడీలను చూసే మ్యాట్ అనే రక్తపరీక్ష సీరోగ్రూపును (దగ్గరి సీరోవార్‌ల గుంపును) సుమారుగానే చెబుతుంది, ఒకదానికొకటి పొరబడటమూ ఉంది. అయినా సుమారు సమాచారమైనా పటంలో ఉండాలి. పాజిటివ్ అన్న ఒక్క ముక్క చాలదు.

ఇంకొకటి. కుక్కలకు లెప్టో టీకా వేసి ఉంటే ఆ తర్వాత కొన్నాళ్లు మ్యాట్‌లో యాంటీబాడీలు కనబడవచ్చు. టీకాలు బాగా వేయించే కాలనీలు ముప్పు కాలనీల్లా వెలిగిపోతాయి. టీకా తేదీ లేని కుక్కల ఫలితాలను పక్కన పెట్టండి.

మూడోది కదలిక. పశువు చుక్క కాదు. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. ఫిబ్రవరి 20న తొలి కేసు నిర్ధారించారు, 23న దేశమంతటా పశువుల రవాణా ఆపేశారు. కానీ అంతకుముందే జబ్బు సోకిన గొర్రెలు హెక్స్‌హామ్, లాంగ్‌టౌన్ సంతల గుండా దేశం నలుమూలలకూ వెళ్లిపోయాయి. తొలి కేసు తెలిసేసరికే యాభైకి పైగా చోట్లకు పాకిపోయిందని తర్వాత తేలింది. చివరికి 2,026 కమతాల్లో జబ్బు నిర్ధారణైంది, 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. కేసు చుట్టూ వృత్తం గీయడం అలవాటైన చేతికి ఆ తొలి వారాల్లో వృత్తాలు పనికిరాలేదు. దగ్గరితనాన్ని కిలోమీటర్లలో కాకుండా సంతల రాకపోకల్లో కొలవాల్సి వచ్చింది. లెప్టో అంత వేగంగా పాకదు, నిజమే. కానీ మీ పాజిటివ్ పశువుల్లో ఎన్నింటిని గత ఏడాదిలో బయటి నుంచి కొన్నారు?

మట్టివాసన · శుక్రవారం, రాత్రి 9:30

మూడు రోజులు మాయమైనందుకు క్షమించండి. నదిపాయ గారు చెప్పిన లెక్క సోమవారం రాత్రే తీశాను. ముప్పై ఒక్క కేసులు ఒకే బిందువు మీద ఉన్నాయి. దగ్గరికి జరిపి ఉపగ్రహ చిత్రం మీద చూస్తే అది పట్నంలో ఒక కూడలి. అక్కడ ఇల్లే లేదు. ఇంకో నాలుగు చుక్కలు సముద్రంలో తేలాయి, అక్షాంశం రేఖాంశం తారుమారు చేసి ఎక్కించారు. రెండు కేసులకైతే సున్నా, సున్నా.

బుధవారం ఆసుపత్రికి వెళ్లి చేతిరాత రిజిస్టరు తీయించాను. రికార్డుల గదిలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఒకాయన నా పక్కనే కూర్చుని పేజీ పేజీ చదివారు. ఆయన లేకపోతే ఈ పని అయ్యేది కాదు. ఒకే ఊరి పేరు మూడు రకాలుగా రాసి ఉంది, కంప్యూటర్ దాన్ని మూడు ఊళ్లు చేసింది. ఒకే పేరున్న రెండు ఊళ్లు జిల్లాకు చెరో చివర ఉన్నాయి, కంప్యూటర్ రెండింటినీ ఒకటి చేసింది. ‘ఇది పై ఊరు కాదమ్మా, ఏటి ఒడ్డుది, అక్కడి వాళ్లు ఇంటిపేరు ఇలా రాస్తారు’ అని ఆయన చెబుతుంటే నేను పెన్సిల్‌తో సరిదిద్దుకుంటూ పోయాను. కొన్ని పేజీల్లో చిరునామా ఉండాల్సిన చోట తీసుకొచ్చినవాళ్ల ఫోను నంబరు మాత్రమే ఉంది. ఆ నంబర్లకు ఆసుపత్రి వాళ్లే ఫోన్లు చేసి ఊరి పేరు కనుక్కుని నాకు చెప్పారు.

కూడలి మీద పడ్డ ముప్పై ఒకటిలో ఇరవై ఆరింటికి ఊరు దొరికింది. వాటిలో పట్నానికి చెందినవి నాలుగే. పదిహేడు ఏటి వెంబడి ఉన్న ఊళ్లవి.

పశువుల నెగటివ్‌ల లెక్క కూడా దొరికింది. సగానికి పైగా నమూనాలు ప్రయోగశాలకు దగ్గర్లో ఉన్న ఊళ్ల నుంచే వచ్చాయి. ఏటి వెంబడి ఉన్న పదకొండు ఊళ్ల నుంచి మూడేళ్లలో ఒక్క నమూనా కూడా రాలేదు. నేను ఆకుపచ్చ రంగు వేసింది ఆ ఊళ్లకే.

నదిపాయ · శుక్రవారం, రాత్రి 10:02

ఆ పదకొండు ఊళ్లకు ఆకుపచ్చ తీసేయండి. బూడిద రంగు వేయండి. పరీక్ష జరగని చోటుకూ జబ్బు లేని చోటుకూ ఒకే రంగు వేయడం కంటే పెద్ద తప్పు ఈ పనిలో లేదు.

గడులు_గళ్లు · శనివారం, ఉదయం 8:44

ఇప్పుడు డేటా శుభ్రమైంది కాబట్టి పద్ధతుల గురించి మాట్లాడవచ్చు.

మీ ప్రాజెక్టు డిగ్రీల్లో ఉందా, మీటర్లలో ఉందా? డిగ్రీల్లో ఉంటే మీరు వేసిన వ్యాసార్థానికి అర్థం లేదు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 111 కిలోమీటర్లు, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అది కుంచించుకుపోతుంది. మీ ప్రాంతానికి సరిపోయే యూటీఎం మండలంలోకి (మీటర్లలో కొలిచే పటం కొలమానం) మార్చుకుని మొదలుపెట్టండి.

కేసులు నిజంగా గుంపుగా ఉన్నాయా, యాదృచ్ఛికంగా అలా కనబడుతున్నాయా అని తేల్చడానికి శాట్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. కుల్డార్ఫ్ 1997లో వివరించిన పద్ధతి, ఉచితంగా దొరుకుతుంది. పటం మీద రకరకాల సైజుల్లో వృత్తాలు జరుపుతూ, లోపలి రేటు బయటి కంటే ఎంత ఎక్కువో చూస్తుంది. తర్వాత కేసులను 999 సార్లు యాదృచ్ఛికంగా చల్లి, మీ గుంపు లాంటిది ఊరికే వచ్చే అవకాశం ఎంతో చెబుతుంది. రెండు జాగ్రత్తలు. జనాభాలో సగం దాకా పట్టే వృత్తాన్ని అది మామూలుగా అనుమతిస్తుంది. అలా వదిలేస్తే సగం జిల్లా ఒకే గుంపని చెప్పే ప్రమాదముంది, కాబట్టి ఆ హద్దు తగ్గించి చూడండి. మీ కేసులు ఏటి వెంబడి ఉన్నాయంటున్నారు, ఏరు గుండ్రంగా ఉండదు కదా. దీర్ఘవృత్తాల ఎంపిక కూడా పెట్టి, రెండు ఫలితాలూ పక్కపక్కన చూడండి.

హద్దుల మాట కూడా చెప్పాలి. ఇవే కేసులను వార్డుల వారీగా కలిపితే ఒక పటం, ఇంకా పెద్ద విభాగాల వారీగా కలిపితే ఇంకో పటం వస్తుంది. గీతలు ఎక్కడ గీస్తే ఎరుపు అక్కడికి జరుగుతుంది. అధికారుల హద్దులు ఏటి కోసం గీసినవి కావు. వీలైతే రెండు స్థాయిల్లోనూ వేసి, రెండింటిలోనూ నిలబడిన చోటునే గట్టిగా చెప్పండి. ఊరి స్థాయిలో తేలినదాన్ని మనిషి స్థాయికి దించకండి. పశువులు ఎక్కువున్న ఊళ్లలో జ్వరాలు ఎక్కువ ఉంటే, పశువులున్న ఇళ్లలోనే జ్వరం వస్తోందని అర్థం కాదు.

ఆకాశ_నేత్రం · శనివారం, మధ్యాహ్నం 1:17

ఇంత కష్టం అవసరమా? ఉపగ్రహ పొరలు ఉచితంగా దొరుకుతున్నాయి. వర్షపాతం, నేల ఎత్తు, పచ్చదనం, నిలవ నీరు అన్నీ పెట్టి మెషిన్ లెర్నింగ్ నమూనాకు శిక్షణ ఇస్తే, పరీక్ష జరగని ఊళ్లకు కూడా ముప్పు అంచనా వస్తుంది. రిఫ్ట్ వ్యాలీ జ్వరం విషయంలో ఇది రుజువైంది. తూర్పు ఆఫ్రికాలో అతివృష్టి కురిస్తే గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, మట్టిలో ఉన్న ఏడిస్ దోమ గుడ్లు పొదిగి, వైరస్ పశువులకూ వాటి నుంచి మనుషులకూ చేరుతుంది. 2006 చివర్లో సముద్ర ఉష్ణోగ్రతలు, వర్షం, పచ్చదనం సూచీ చూసి హెచ్చరిక ఇచ్చారు. కెన్యా, సోమాలియా, టాంజానియాల్లో జబ్బు బయటపడటానికి 2 నుంచి 6 వారాల ముందే ఆ ప్రాంతాలు పటంలో కనబడ్డాయి. నేను ఇలాంటి నమూనానే వేరే జబ్బుకు చేశాను, 94 శాతం కచ్చితత్వం వచ్చింది.

గడులు_గళ్లు · శనివారం, మధ్యాహ్నం 2:05

రిఫ్ట్ వ్యాలీ ఉదాహరణ చాలా మంచిది. అది ఎందుకు పనిచేసిందో చూడండి. వానకూ దోమకూ వైరస్‌కూ మధ్య గొలుసు ఏమిటో పరిశోధకులకు దశాబ్దాలుగా తెలుసు. ఏ పొర ఎందుకు పెట్టారో ప్రతిదానికీ కారణముంది.

మీ 94 శాతం గురించి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. పరీక్ష కోసం పక్కన పెట్టిన బిందువులను ఎలా ఎంచుకున్నారు? యాదృచ్ఛికంగా అయితే, ప్రతి పరీక్ష బిందువుకూ అర కిలోమీటరులో ఒక శిక్షణ బిందువు ఉండి ఉంటుంది. దగ్గరివి దగ్గరగా పోలి ఉంటాయని 1970లో టోబ్లర్ చెప్పినదే ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది. నమూనా నేర్చుకోకపోయినా పక్కింటి జవాబు చూసి రాస్తుంది. ప్రాంతాన్ని పెద్ద పెద్ద గడులుగా కోసి, ఒక గడి మొత్తాన్ని దాచి, మిగతావాటితో నేర్పి, దాచిన గడి మీద పరీక్షించండి. ఆ అంకె ఎంతో చెప్పండి.

ఆకాశ_నేత్రం · శనివారం, రాత్రి 8:39

మీరు చెప్పినట్టే చేశాను. 71 శాతం. యాదృచ్ఛికంగానే ఎంచుకున్నానని ఒప్పుకుంటున్నాను. మధ్యాహ్నం నుంచి దీని మీదే కూర్చున్నాను. నా నివేదికలో ఆ అంకె మార్చి మళ్లీ పంపుతాను. మీకు కృతజ్ఞతలు.

గిట్టల_జాడ · శనివారం, రాత్రి 9:10

ఆకాశ_నేత్రం గారూ, 71 కూడా పనికొచ్చే అంకే. దాన్ని నమ్మి ఎక్కడికి వెళ్లి నమూనాలు తీయాలో నిర్ణయించవచ్చు.

జంతువులు ముందే చెప్పే సంగతి గురించి ఒక మాట. 1999లో న్యూయార్క్‌లో మనుషులకు మెదడువాపు వస్తున్న రోజుల్లోనే కాకులు రాలిపోతున్నాయి. అక్కడి జంతు ప్రదర్శనశాలలో పక్షులు కూడా చనిపోవడం చూసిన పశువైద్య నిపుణురాలు ఈ రెండూ ఒకటేనేమోనని పట్టుబట్టారు. చివరికి అది అమెరికా ఖండాల్లో అంతకుముందెన్నడూ కనబడని వెస్ట్ నైల్ వైరస్ అని తేలింది. తర్వాతి ఏళ్లలో చచ్చిన కాకులు దొరికిన చోట్లను పటం మీద గుంపులుగా గుర్తించి, మనుషుల కేసుల కంటే ముందే దోమల నివారణ మొదలుపెట్టే ప్రయత్నాలు జరిగాయి. అయితే చచ్చిన కాకిని చూసి ఫోను చేయడానికి ఒక మనిషి అక్కడ ఉండాలి. అడవిలో రాలిన కాకి పటంలోకి రాదు. మళ్లీ హారం_ముందు గారి మాటకే వచ్చాం.

నిర్వాహకులు · ఆదివారం, ఉదయం 7:00

ఒక సభ్యుడు నిన్న రాత్రి తన జిల్లా పటం చిత్రంగా పెట్టారు. అందులో రోగుల ఇళ్ల మీద చుక్కలు, కింద ఉపగ్రహ చిత్రం, ఇంటి పైకప్పులతో సహా స్పష్టంగా ఉన్నాయి. తొలగించాం. దయచేసి అలాంటివి ఇక్కడే కాదు, ఎక్కడా పెట్టవద్దు.

రాత్రి_డ్యూటీ · ఆదివారం, ఉదయం 9:26

నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఇది చిన్న విషయం కాదు. జబ్బు ఇల్లని పేరు పడితే ఆ ఇంటికి పనివాళ్లు రారు, ఆ ఇంటి పశువులను ఎవరూ కొనరు. మరోసారి జ్వరం వస్తే వాళ్లు ఆసుపత్రికి రాకుండా దాచుకుంటారు, పటంలో ఆ ఊరు ఆకుపచ్చబడుతుంది.

అంతర్జాతీయంగా జరిగే డీహెచ్ఎస్ ఆరోగ్య సర్వేల్లో సమాచారం బయటపెట్టేముందు ప్రతి బిందువునూ కావాలనే జరుపుతారు. పట్టణాల్లో 2 కిలోమీటర్ల దాకా, గ్రామాల్లో 5 కిలోమీటర్ల దాకా, గ్రామాల్లోనే నూటికి ఒకదాన్ని 10 కిలోమీటర్ల దాకా. మట్టివాసన గారూ, సమావేశంలో చూపే పటంలో చుక్కలు వద్దు. ఊరి స్థాయి రేట్లు చాలు. మరీ చిన్న ఊళ్లయితే రెండు మూడు కలపండి.

మట్టివాసన · మరుసటి శనివారం, సాయంత్రం 5:55

సమావేశం నిన్న అయింది. మీ అందరి మాటలూ అందులో ఉన్నాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మూడు పటాలు పెట్టాను. మొదటిది చికిత్స భారం, కేసుల సంఖ్యతో. డాక్టర్ గారు చెప్పినట్టు మందుల విభాగం వాళ్లు అదే తీసుకుని వెళ్లారు. రెండోది నునుపు చేసిన రేట్లు. పట్నం లేత రంగులోకి వెళ్లింది. ఏటి వెంబడి ఆరు ఊళ్లు ముదురు రంగులోకి వచ్చాయి. శాట్‌స్కాన్ వృత్తంతో చూస్తే ఏటికి అవతలి గట్టు మెరక ఊళ్లు కూడా గుంపులో కలిశాయి, దీర్ఘవృత్తంతో అవి బయటికి పోయాయి. నేను తిరిగిన నేల తెలుసు కాబట్టి రెండోదే నమ్మదగ్గదిగా అనిపించింది, అలాగే చెప్పాను. మూడో పటంలో ముప్పు చెప్పే రంగులే లేవు. ఎన్ని పరీక్షలు జరిగాయో మాత్రమే చూపించాను, పదకొండు ఊళ్లు బూడిద రంగులో.

పశువుల పొరను మనుషుల పొర మీద వేయలేదు. సీరోగ్రూపు తెలిసిన ఫలితాలు ముప్పైలోపే ఉన్నాయి. వాటిలో పశువులవి ఎక్కువగా హార్డ్‌జో వైపు, మనుషులవి వేరే గుంపు వైపు ఉన్నాయి. ఇంత తక్కువ నమూనాలతో ఏమీ తేల్చలేమని, ఎలుకల నుంచి నమూనాలు తీయకుండా పశువులను నిందించలేమని చెప్పాను.

ఒక పెద్దాయన మూడో పటం చూసి, ‘ఈ బూడిద ఊళ్లలో జబ్బు ఉందా లేదా, ఒక్క మాటలో చెప్పండి’ అన్నారు. తెలియదు సార్, అక్కడికి ఎవరూ వెళ్లలేదు అన్నాను. గది కాసేపు నిశ్శబ్దంగా ఉంది. ఆ తర్వాత జరిగిన చర్చంతా ఆ పటం గురించే. ఆ పదకొండు ఊళ్లకు వర్షాలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వెళ్లడానికి అనుమతి ఇచ్చారు. పశువుల రక్తం, ఎలుకల బోనులు, జ్వరం వచ్చినవాళ్ల రక్త నమూనాలు, మూడూ కలిపి ఒకే బృందం తీస్తుంది.

నదిపాయ · శనివారం, సాయంత్రం 6:20

పదకొండింటిలో ముందు ఎక్కడికి వెళ్తున్నారు? జ్వరం వచ్చినవాళ్లు నీళ్లలోకి ఎక్కడ దిగారో కూడా అడగండి, ఇంటి చిరునామాతో పాటు ఆ చోటు కూడా రాసుకోండి. రెండు గడులు, పక్కపక్కనే.

మట్టివాసన · మంగళవారం, రాత్రి 8:15

ఆకాశ_నేత్రం గారు తన నమూనాను మా ఏటి ఊళ్ల మీద నడిపి ఇచ్చిన వరసలోనే మొదలుపెట్టాం. ఈ రోజు మొదటి ఊరికి వెళ్లాం.

ఊరి ఆరోగ్య కార్యకర్త ఒక నోటు పుస్తకం తెచ్చింది. మూడు వర్షాకాలాల జ్వరాలు అందులో ఉన్నాయి, తేదీ, వయసు, ఏ పనికి వెళ్లేవారో కూడా రాసుకుంది. ఇవన్నీ పైకి ఎందుకు పంపలేదని అడిగితే, పరీక్ష కాగితం ఉన్నవాటినే పంపమన్నారని, పట్నం నలభై కిలోమీటర్లని, జ్వరంతో అంత దూరం ఎవరు వెళ్తారని అంది. పుస్తకంలో ఒక పేజీలో పక్కపక్కనే ఏడుగురి పేర్లు ఉన్నాయి. అందరూ ఒకే వారంలో, ఒకే కాలువ పూడిక తీసే పనికి దిగినవాళ్లు. నదిపాయ గారు చెప్పిన రెండో గడిలో ఆ కాలువ పేరు రాసుకున్నాను.

ఇరవై నాలుగు పశువుల రక్తం తీశాం. కాలువ గట్టు మీద పన్నెండు బోనులు పెట్టాం. రేపు తెల్లవారుజామున తీయాలి.